నివురుగప్పిన నక్షత్రాలు

ప్రతి ఏడూ జూన్ 21, 22 తేదీల ప్రాంతంలో ఆరుద్ర కార్తె వస్తుంది. పత్తి, మిర్చి వేసే మన రైతులు ఆ కార్తె పేరు వినగానే వానకోసం ఆకాశంకేసి చూస్తారు. తడిసిన చేలగట్ల మీద ఎర్రటి మఖమల్ గుడ్డ ముక్కల్లా ఆరుద్ర పురుగులు తిరిగేది కూడా ఆ రోజుల్లోనే. పిల్లలూ! ఈ ఆరుద్ర ఎవరో మీకు తెలుసా?

ఆరుద్ర, అంటే ఆర్ద్ర, ఒక నక్షత్రం. సూర్యుడు ఏ నక్షత్రానికి దగ్గరగా ఉన్నట్టు మనకు తోస్తుందో ఆ నక్షత్రం పేరే కార్తెకు పెట్టారు మన పెద్దలు. వాన కురిపించేది ఆ నక్షత్రం కాదు, నైరుతి ఋతుపవనాలు. ఏ తేదీ వచ్చిందో గుర్తు పెట్టుకోవడానికి నక్షత్రం ఒక ఆనవాలు మాత్రమే. కార్తె నడిచే రోజుల్లో ఆర్ద్ర సూర్యుడితోపాటు పగలే ఉదయించి పగలే అస్తమిస్తుంది గనుక కనిపించదు. దాన్ని చూడాలంటే చలికాలం రావాలి. డిసెంబరు, జనవరి రాత్రుల్లో ఓరియన్ అనే వేటగాడి మండలంలో భుజం దగ్గర ఎర్రగా మెరిసేది అదే. ఇంగ్లీషు పుస్తకాల్లో దాని పేరు బెటెల్‌గూస్.

ఈ ఆర్ద్ర వయస్సు కోటి సంవత్సరాలకు కాస్త అటూ ఇటూ ఉంటుందని లెక్క. మన భూమి మీద రాక్షసి బల్లులు అంతరించి 6 కోట్ల 60 లక్షల సంవత్సరాలైంది. అంటే ఆ బల్లులు ఏనాడూ ఆర్ద్రను చూడలేదు! అవి పోయిన చాలా కాలానికిగాని ఆ నక్షత్రం పుట్టనే లేదు. సూర్యుడి వయస్సు 460 కోట్ల సంవత్సరాలు. అతనితో పోలిస్తే ఆర్ద్ర నిన్నగాక మొన్న పుట్టిన బిడ్డ. అయినా దానికి అప్పుడే అంత్యకాలం దగ్గరపడింది. ఎందుకని? అది చాలా బరువైన నక్షత్రం కాబట్టి.

బరువైన నక్షత్రం అంటే ఏది?

సూర్యుడి ద్రవ్యరాశికి సుమారు 8 రెట్లు, అంతకు మించి ఉన్నవాటిని బరువైన నక్షత్రాలంటారు. మన పంచాంగంలోని 27 నక్షత్రాల్లో ఆర్ద్ర, చిత్త, జ్యేష్ఠ ఈ జాతివే. మూడూ సూర్యుడికి పది రెట్లకు మించినవే. రోహిణి కూడా ఎర్రగా, పెద్దగానే కనిపిస్తుంది. కాని అది ముసలితనంలో ఉబ్బిన నక్షత్రం మాత్రమే, దాని ద్రవ్యరాశి సూర్యుడికన్నా కొంచెమే ఎక్కువ. ఉబ్బు వేరు, బరువు వేరు అన్నమాట.

బరువైన నక్షత్రాలు చాలా అరుదు. కొత్తగా పుట్టే నక్షత్రాల్లో నూటికి ఒకటి కూడా ఈ జాతిది ఉండదు. కాని వాటి వెలుగు చూడండి. సూర్యుడికి 20 రెట్లు ద్రవ్యరాశి ఉన్న నక్షత్రం సూర్యుడికన్నా 20 రెట్లు కాదు, సుమారు 40 వేల రెట్లు ఎక్కువ కాంతిని వెదజల్లుతుంది. కొలిమిలో బొగ్గులు ఇరవై రెట్లే ఉండి, మంట నలభై వేల రెట్లయితే ఆ బొగ్గులు ఎన్నాళ్లొస్తాయి? అందుకే సూర్యుడి మొత్తం ఆయుష్షు 1,000 కోట్ల సంవత్సరాలైతే, దీని ఆయుష్షు కోటి సంవత్సరాలు కూడా నిండదు.

చుక్కల మధ్య ఏముంది?

ఇంతకూ నక్షత్రాలు దేనిలోంచి పుడతాయి? నక్షత్రానికీ నక్షత్రానికీ మధ్య ఏమీ లేదనుకుంటాం. అది నిజం కాదు. అక్కడ అక్కడక్కడా వాయు మేఘాలున్నాయి. అవి మన మబ్బుల్లాగా నీటి ఆవిరితో చేసినవి కావు. వాటిలో ఎక్కువ భాగం హైడ్రోజన్. కొంత హీలియం. వంద పాళ్లలో ఒక పాలు మాత్రం ధూళి. ఆ ధూళి రేణువులు మన మిరప కల్లాల్లో లేచే దుమ్ముకన్నా ఎంతో సన్నం. అవి ఇసుకజాతి పదార్థంతోనూ, కర్బనంతోనూ తయారైనవి.

ఈ మేఘాలు ఎంత పలచనో చెప్పమంటారా? మీరు ఇప్పుడు పీలుస్తున్న గాలిలో ఒక ఘన సెంటీమీటరు తీసుకుంటే అందులో ఉండే అణువుల సంఖ్య 25 పక్కన 18 సున్నాలు. అదే ఈ మేఘాల్లో అయితే కొన్ని వందలు! దట్టంగా గడ్డకట్టిన చోట్ల కూడా పది లక్షలు దాటడం గొప్ప. కాని మేఘం వెడల్పు పదుల నుంచి వందల కాంతి సంవత్సరాలు. అందువల్ల పలచగా ఉన్నా అంతా కలిపితే లక్షల సూర్యుళ్లకు సరిపడే సరుకు ఉంటుంది. దూది బస్తా చూడటానికి తేలిక. గోదాము నిండా దూది ఉంటే అది ఎన్ని టన్నులు తూగుతుందో జిన్నింగు మిల్లు వాళ్లను అడగండి!

ఈ మేఘాలు అతి చల్లనివి కూడా. వాటి లోపలి ఉష్ణోగ్రత సుమారు 10 కెల్విన్. అంటే సున్నాకు దిగువన 263 సెంటీగ్రేడు డిగ్రీలు.

మేఘం ఎప్పుడు కూలుతుంది?

మేఘంలో రెండు శక్తుల మధ్య ఎప్పుడూ పెనుగులాట జరుగుతుంది. గురుత్వాకర్షణ దాన్ని లోపలికి లాగుతుంది. వాయువు వేడి, అంటే అణువుల పరుగు, దాన్ని బయటికి తోస్తుంది. మేఘంలోని సుడులు, అయస్కాంత క్షేత్రం కూడా కూలిపోకుండా ఆపుతాయి. చల్లబడేకొద్దీ తోపు తగ్గుతుంది. దట్టమయ్యేకొద్దీ లాగుడు పెరుగుతుంది. ఒక హద్దు దాటాక లాగుడుదే పైచేయి అవుతుంది. ఈ హద్దును 1902లో లెక్కగట్టినవాడు జేమ్స్ జీన్స్ అనే బ్రిటిష్ శాస్త్రజ్ఞుడు.

అప్పుడు మేఘం ఒకే ముద్దగా కాక, ముక్కలు ముక్కలుగా కూలుతుంది. ప్రతి ముక్కలోనూ నడుమ ఒక గడ్డ ఏర్పడుతుంది. చుట్టూ ఉన్న వాయువు దాని మీద పడుతున్నకొద్దీ అది పెరిగి, కుదించుకొని, వేడెక్కుతుంది. నడిమధ్య ఉష్ణోగ్రత కోటి డిగ్రీలకు చేరాక హైడ్రోజన్ కేంద్రకాలు కలిసి హీలియంగా మారడం మొదలవుతుంది. దీన్నే కేంద్రక సంలీనం అంటారు. నక్షత్రం వెలిగిందన్నమాట.

చిక్కంతా ఇక్కడే ఉంది

సూర్యుడిలాంటి నక్షత్రం తీరికగా పుడుతుంది. మీద పడే వాయువు ఆగిపోయాక, కోట్ల సంవత్సరాలు మెల్లగా కుదించుకొని అప్పుడు హైడ్రోజన్‌ను మండిస్తుంది. బరువైన నక్షత్రానికి అంత ఓపిక లేదు. అది అతి త్వరగా కుదించుకుంటుంది. పై నుంచి వాయువు ఇంకా పడుతూ ఉండగానే లోపల సంలీనం మొదలైపోతుంది. బిడ్డ పాలు తాగుతూ ఉండగానే పెద్దవాడైపోయినట్టు!

దీనివల్ల ఏమవుతుంది? కాంతి కూడా తోస్తుంది. మామూలుగా ఆ తోపు మనకు తెలియదు. కాని నలభై వేల సూర్యుళ్ల కాంతి ఒక్క చోటినుంచి వస్తే? కల్లంలో తూర్పారబట్టేటప్పుడు గాలి తాలునూ పొల్లునూ ఎగరగొడుతుంది గదా! అలాగే నక్షత్ర కాంతి, మీద పడబోయే ధూళిని వెనక్కు తోస్తుంది. ధూళి వాయువును కూడా తనతో ఈడ్చుకుపోతుంది.

ఇప్పుడు లెక్క చూడండి. నక్షత్రం 20 రెట్లు బరువైతే లాగే శక్తి పెరిగింది 20 రెట్లే. తోసే శక్తి పెరిగింది 40 వేల రెట్లు. అలాంటప్పుడు నక్షత్రం ఒక పరిమాణానికి వచ్చాక దాని మీద ఇక ఏమీ పడకూడదు. దాని కాంతే దాని నోటి దగ్గర కూడు లాగేసుకోవాలి. కాని ఆకాశంలో సూర్యుడికి 40 రెట్లు, 100 రెట్లు బరువున్న నక్షత్రాలు కళ్లెదుట ఉన్నాయి. అవి ఎలా పెరిగాయి? ఎన్నో సంవత్సరాలపాటు శాస్త్రజ్ఞులను వేధించిన ప్రశ్న ఇదే.

పుట్టేటప్పుడు చూస్తే సరిపోదా అంటారా? అదే కష్టం. అవి అరుదు కనుక దగ్గరలో లేవు. మనకు అన్నిటికంటే దగ్గరి పురిటిల్లు ఓరియన్ నీహారిక. అదే సుమారు 1,350 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. పైగా పుట్టే నక్షత్రం చుట్టూ దట్టమైన ధూళి తెర. హైదరాబాదులో 1901లో నవాబ్ జఫర్ జంగ్ స్థాపించిన నిజామియా వేధశాల 20వ శతాబ్దపు తొలి సగంలో 7 లక్షలకు పైగా నక్షత్రాల స్థానాలను ఫోటో పలకల సాయంతో కొలిచి పట్టికలు వేసింది. అది మహత్తరమైన పని. అయినా ఆ పలకల మీద పడింది మామూలు కాంతి. ధూళి తెర వెనుక ఉన్న నక్షత్రాలు వాటి మీద పడే వీలు లేదు.

నివురు కింద నిప్పు

పొయ్యిలో నివురుగప్పిన నిప్పును మీరు చూసే ఉంటారు. పైకి బూడిదే కనిపిస్తుంది. కాని అరచెయ్యి కాస్త దూరంలో పెడితే వేడి తెలుస్తుంది. కంటికి కనిపించని ఆ వేడి కిరణాలే పరారుణ కిరణాలు. పుట్టే నక్షత్రం కూడా నివురుగప్పిన నిప్పే. దాని కాంతినంతా ధూళి మింగి, వేడెక్కి, ఆ వేడిని పరారుణ కిరణాలుగా బయటికి పంపుతుంది. 1967లో అమెరికాలో బెక్లిన్, నాయ్‌గెబావర్ అనే ఇద్దరు ఓరియన్ నీహారికలో మామూలు కాంతిలో ఏమీ కనిపించని చోట పరారుణ కిరణాలతో ధగధగలాడే ఒక బిందువును కనిపెట్టారు. అది ధూళిలో దాగిన పసి నక్షత్రం.

ఏ వస్తువు ఏ కిరణాలను ఎక్కువగా ఇస్తుందో తెలుసుకోవడానికి ఒక తేలిక సూత్రం ఉంది. 2,900ను ఆ వస్తువు కెల్విన్ ఉష్ణోగ్రతతో భాగించండి. వచ్చేది తరంగదైర్ఘ్యం, మైక్రాన్లలో. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. సూర్యుడి ఉపరితలం 5,800 కెల్విన్ గనుక అర మైక్రాన్ వస్తుంది. అది మన కంటికి కనిపించే కాంతి. మన ఒళ్లు 310 కెల్విన్ గనుక సుమారు 9 మైక్రాన్లు. మేఘంలోని ధూళి 29 కెల్విన్ అనుకుంటే 100 మైక్రాన్లు. దీన్ని దూర పరారుణం అంటారు.

కాని ఈ దూర పరారుణం నేలను చేరదు. మన గాలిలోని నీటి ఆవిరి దాన్ని దారిలోనే మింగేస్తుంది. మన వేటపాలెంలాంటి సముద్రపు ఒడ్డు ఊళ్ల సంగతి చెప్పనే అక్కర్లేదు, ఇక్కడ గాలి పిండితే నీళ్లు కారేటట్టుంటుంది! కొండ మీద టెలిస్కోపు పెట్టినా చాలదు. మరి ఏం చెయ్యాలి?

హైదరాబాదు బెలూను

టెలిస్కోపునే గాలిపైకి ఎత్తాలి. ఆ పని మన తెలుగునేల మీదే జరిగింది. బొంబాయిలోని టాటా మౌలిక పరిశోధనా సంస్థ 1969లో హైదరాబాదులో ఒక బెలూను కేంద్రాన్ని నెలకొల్పింది. అక్కడ పల్చటి పాలిథీన్ పొరతో పెద్ద బెలూన్లను స్వయంగా తయారుచేసి, హైడ్రోజన్ నింపి ఎగరవేస్తారు. ఆ సంస్థ శాస్త్రజ్ఞులు ఒక మీటరు వ్యాసం గల అద్దంతో పరారుణ టెలిస్కోపు నిర్మించి, 1980ల నుంచి దాన్ని బెలూనుకు తగిలించి సుమారు 30 కిలోమీటర్ల ఎత్తుకు పంపారు. అంత ఎత్తున గాలిలో నూటికి 99 పాళ్లు కిందే ఉండిపోతుంది. నీటి ఆవిరి దాదాపు శూన్యం.

మరో ఇబ్బంది ఉంది. చల్లటి ధూళి ఇచ్చే కొద్దిపాటి వేడిని కొలవాలంటే, కొలిచే పరికరం దానికన్నా చల్లగా ఉండాలి. లేకపోతే తన వేడినే తాను కొలుచుకుంటుంది. అందుకని అరుదైన హీలియం-3ను వాడి, పరికరాన్ని 0.3 కెల్విన్ వరకూ చల్లబరిచారు. పుట్టే నక్షత్రపు వేడిని తెలుసుకోవడానికి ఆ నక్షత్ర మేఘాన్ని మించిన చలి కావలసి వచ్చింది!

ఈ పని ఒక్క రాత్రి జూదం లాంటిది. నెలల తరబడి సిద్ధం చేసిన పరికరం కొన్ని గంటలు మాత్రమే పైన ఉంటుంది. గాలి ఎటు తీసుకుపోతే అటు పోతుంది. పని పూర్తయ్యాక నేల నుంచి సంకేతం పంపి తాడు తెంపుతారు. టెలిస్కోపు పారాచూట్ సాయంతో ఎక్కడో ఒక చేలో దిగుతుంది. దాన్ని వెతికి తెచ్చి, బాగుచేసి, మళ్లీ ఎగరవేస్తారు. ఈ కేంద్రం వేరే ప్రయోగాలకు కూడా బెలూన్లు పంపుతుంది. 2022 డిసెంబరులో అలాంటి ఒక పెద్ద గుండ్రటి పరికరం వికారాబాదు జిల్లాలో పొలంలో దిగితే, ఆకాశం నుంచి ఏదో ఊడిపడిందని జనం తీర్థంలా చేరారు. మీ చేలో ఎప్పుడైనా అలాంటిది దిగితే భయపడకండి. విప్పకండి, ముట్టుకోకండి. వెంటనే పోలీసులకు కబురు చెయ్యండి. తెలియక ఒక మర తిప్పితే ఏళ్ల శ్రమ బూడిదలో పోసినట్టవుతుంది.

ఇంతకూ ఏం తెలిసింది?

ధూళి తెర దట్టంగా ఉంటే నక్షత్రం ఇచ్చే శక్తి అంతా ధూళిలోకి పోతుంది. శక్తి మాయం కాదు గదా! అందువల్ల ధూళి బయటికి ఇచ్చే పరారుణాన్నంతా కూడితే, లోపలి నక్షత్రపు వెలుగు ఎంతో తెలుస్తుంది. వెలుగు తెలిస్తే దాని బరువు తెలుస్తుంది. నక్షత్రాన్ని చూడకుండానే తూచడమంటే ఇదే. హైదరాబాదు బెలూను టెలిస్కోపుతో మన పాలపుంతలోని అనేక నక్షత్ర జన్మస్థానాల పటాలు గీసి, ధూళి ఉష్ణోగ్రతనూ పరిమాణాన్నీ లెక్కగట్టారు.

ఆ తర్వాత జపాను శాస్త్రజ్ఞులు తయారుచేసిన వర్ణపట పరికరాన్ని ఇదే టెలిస్కోపుకు అమర్చారు. బరువైన నక్షత్రం నుంచి వచ్చే అతినీలలోహిత కిరణాలు మేఘపు అంచులో కర్బన పరమాణువుల నుంచి ఒక్కొక్క ఎలక్ట్రాన్‌ను ఊడగొడతాయి. అలాంటి కర్బనం 158 మైక్రాన్ల దగ్గర ఒక ప్రత్యేకమైన కిరణాన్ని ఇస్తుంది. ఆ కిరణం ఎక్కడ కనిపిస్తే అక్కడిదాకా నక్షత్రపు దెబ్బ తగులుతోందన్నమాట. ఓరియన్ మేఘంలోనూ, దక్షిణాకాశంలో తెరచాప మండలంలోని జన్మస్థానాల్లోనూ ఈ కిరణం పటాలు గీశారు. తెరచాప మండలం ఐరోపా దేశాల వాళ్లకు సరిగా కనిపించదు. హైదరాబాదు భూమధ్యరేఖకు దగ్గరగా ఉండటం మనకు కలిసివచ్చింది.

ముడి ఎలా విడింది?

ఇక అసలు ప్రశ్నకు వద్దాం. కాంతి తోస్తున్నా వాయువు లోపలికి ఎలా వస్తుంది? తొట్టి అడుగున బిరడా తీస్తే నీళ్లు నిట్టనిలువుగా పడవు, సుడి తిరుగుతూ పోతాయి. మేఘం కూడా ఎంతో కొంత తిరుగుతూ ఉంటుంది. కుదించుకున్నకొద్దీ ఆ తిరుగుడు పెరుగుతుంది. దానితో పడే వాయువు నక్షత్రం నడుము చుట్టూ రొట్టెలాంటి పళ్లెంగా ఏర్పడుతుంది. ఆ పళ్లెం దట్టమైనది. కాంతికి దాన్ని చీల్చుకుపోవడం కష్టం. అందుకని వాయువు పలచగా ఉన్న పైవైపు నుంచీ, కిందవైపు నుంచీ తప్పించుకుపోతుంది. ఇలా కాంతి బయటికి పోయే దారి వేరు, కూడు లోపలికి వచ్చే దారి వేరు అవుతాయి. 2009లో మార్క్ క్రుమ్‌హోల్జ్, అతని సహచరులు కంప్యూటర్‌లో ఇలాంటి మేఘాన్ని కూల్చి చూశారు. జంట నక్షత్రాలు తయారయ్యాయి. ఒకటి సూర్యుడికి 40 రెట్లు దాటింది, రెండోది 30 రెట్లకు దగ్గరగా వచ్చింది. కాంతి వాటి పెరుగుదలను ఆపలేకపోయింది.

లెక్కలో వచ్చింది ఆకాశంలో ఉండాలి గదా! దక్షిణ అమెరికాలో చిలీ దేశపు ఎత్తయిన ఎడారిలో 66 ఏంటెన్నాలతో ఆల్మా అనే రేడియో టెలిస్కోపు ఉంది. బరువైన పసి నక్షత్రాల చుట్టూ తిరిగే పళ్లేలు దానికి కనిపించాయి. 2023లో అయితే మన పాలపుంతకు వెలుపల, పక్కనున్న పెద్ద మెజెల్లాన్ మేఘంలో కూడా అలాంటి పళ్లేన్ని గుర్తించారు.

ఇంకా తేలని సంగతి ఒకటుంది. నక్షత్రానికి అవసరమైన సరుకంతా మొదటినుంచీ దాని సొంత ముక్కలోనే ఉంటుందా? లేక చుట్టుపక్కల మేఘం నుంచి వాగులు చెరువులోకి వచ్చినట్టు వాయు ధారలు వచ్చి చేరుతుంటాయా? ఐరోపా వారు 2009లో పంపిన హెర్షెల్ అంతరిక్ష టెలిస్కోపు మేఘాల్లో దారాల్లాంటి పొడవైన పోగులను ఎన్నో చూసింది. అవి కలిసే ముడుల దగ్గరే బరువైన నక్షత్రాలు ఎక్కువగా పుడుతున్నాయి. ఈ వాదం ఇంకా నడుస్తోంది. దాన్ని తేల్చేది మీలో ఒకరు కావచ్చు.

దీనితో మనకేమిటి?

మీరు తాగే నీటి బరువులో తొమ్మిదింట ఎనిమిది వంతులు ఆక్సిజనే. ఆ ఆక్సిజన్‌లో ఎక్కువ భాగం బరువైన నక్షత్రాల కడుపులో తయారై, అవి సూపర్‌నోవాలుగా పేలినప్పుడు ఆకాశంలో చల్లబడినది. అది కొత్త మేఘాల్లో కలిసింది. అలాంటి ఒక మేఘంలోంచే సూర్యుడు, భూమి, సముద్రం, మనం వచ్చాం. ఈ నక్షత్రాలు తమ కాంతి తోపుకే ఆగిపోయి పెరగకుండా ఉంటే దాహానికి గుక్కెడు నీళ్లు కూడా ఉండేవి కావు!

చేసి చూడండి

1. బొగ్గుల ఇస్త్రీ పెట్టె గానీ, కరెంటు ఇస్త్రీ పెట్టె గానీ వేడెక్కాక, పెద్దవాళ్లను దగ్గర ఉంచుకొని, జానెడు దూరంలో అరచెయ్యి పెట్టండి. తాకకండి. వెలుగు లేకపోయినా వేడి తెలుస్తుంది. ఇప్పుడు మధ్యలో ఒక గాజు పలక అడ్డం పెట్టించండి. ఇస్త్రీ పెట్టె కనిపిస్తూనే ఉంటుంది, కాని వేడి తగ్గిపోతుంది. మామూలు కాంతిని వదిలి దూర పరారుణాన్ని ఆపే మన గాలి కూడా ఇలాంటిదే.

2. జనవరి రాత్రి ఎనిమిది గంటలకు, వెన్నెల లేనప్పుడు, వీధిదీపాలకు దూరంగా నిలబడి తూర్పు, ఆగ్నేయ దిక్కులకు పైగా చూడండి. వరుసగా మూడు చుక్కలు వేటగాడి నడికట్టు. దానికి ఒక పక్క ఎర్రటి ఆర్ద్ర, మరో పక్క తెల్లని నీలపు రీగెల్. రెండూ బరువైనవే. నడికట్టు కింద వేలాడే కత్తిలో మధ్య చుక్క మసకగా ఉంటుంది. అదే ఓరియన్ నీహారిక. మీరు చూస్తున్న ఆ మసక వెలుగు 1,350 సంవత్సరాల క్రితం బయల్దేరింది.

ప్రశ్నలు

1. మేఘంలోని ధూళి 20 కెల్విన్ ఉష్ణోగ్రతలో ఉంటే ఏ తరంగదైర్ఘ్యం దగ్గర ఎక్కువ కిరణాలను ఇస్తుంది?

2. ఒక నక్షత్రానికి సూర్యుడికన్నా ఇంధనం 10 రెట్లు ఉండి, ఖర్చు 3,000 రెట్లు అయితే దాని ఆయుష్షు ఎంత?

3. పడే వాయువు పళ్లెంగా కాక అన్ని వైపుల నుంచీ సమానంగా పడితే నక్షత్రం పెరుగుదల ఏమవుతుంది? మీ మాటల్లో రాయండి.

జవాబులు: 1. 145 మైక్రాన్లు. 2. సూర్యుడి ఆయుష్షులో 300వ వంతు, అంటే సుమారు 3 కోట్ల 30 లక్షల సంవత్సరాలు. మూడోదానికి జవాబు మీరు రాసి మీ సైన్సు మాస్టారికి చూపించండి.